రెండు వేల అడుగుల నుంచి

నిన్న రాత్రి కావలి చేరాను. జరిగింది అమ్మకి ఇంకా చెప్పలేదు. నాన్నకి చెప్పాను.

పది రోజుల క్రితం పైలట్ ట్రైనింగ్‌లో, సెస్నా 152 అనే రెండు సీట్ల చిన్న విమానంలో, నేనూ మా ఇన్‌స్ట్రక్టర్ గారూ. రెండు వేల అడుగుల ఎత్తులో ఇంజిన్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం ఇంకా నా చెవుల్లోనే ఉంది.

ఇంజిన్ ఆగితే విమానం రాయిలా పడిపోదు. 60 నాట్ల వేగం, అంటే గంటకి సుమారు 110 కిలోమీటర్లు, నిలుపుకుంటే జారుతూ వస్తుంది, వెయ్యి అడుగులకి రెండున్నర కిలోమీటర్ల దాకా. అంటే మా చేతిలో సుమారు మూడు నిమిషాలు. సార్ కంట్రోల్స్ తీసుకున్నారు. నేను కార్బురేటర్‌లో మంచు పట్టి ఉంటే కరిగించే హీట్ లాగాను, ఫ్యూయల్ వాల్వ్, గాలీ ఇంధనం పాళ్ళు మార్చే మిక్శ్చర్, ఇంజిన్‌కి నిప్పురవ్వనిచ్చే మాగ్నెటోలు అన్నీ చూశాను. ఇంజిన్ అందుకోలేదు. రేడియోలో మేడే, అంటే ప్రమాదంలో ఉన్నామన్న పిలుపు, చెప్పాను, ఆ గొంతు నాదిలా అనిపించలేదు. చివర్లో ఫ్యూయల్ కట్టేసి, తలుపుల గడియలు తీసి పెట్టాం. జొన్న కోసిన చేలో, సాళ్ళ వెంబడి, గాలికి ఎదురుగా దించారు సార్. ఒళ్ళంతా అదిరింది. ఇద్దరికీ గీత కూడా పడలేదు. ఆయనకి ఎన్నిసార్లు దండం పెట్టినా నాకు తక్కువే.

ఈ పొద్దున నాన్న పొలానికి తీసుకెళ్ళాడు. "ఏరా అబ్బయ్యా, మన మడిలో అయితే దిగేవాళ్ళా?"

"నీళ్ళున్న మడి కదా నాన్నా, ముందు చక్రం కూరుకుని తిరగబడొచ్చు."

చాలాసేపు ఆ మడినే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత అడిగాడు, "ఆ చేను ఎవరిదిరా? ఆయనకేమైనా నష్టం అయిందా?"

నేను కనుక్కోలేదు. సోమవారం వెళ్ళగానే ముందు ఆ రైతుని కలుస్తాను.