పుస్తకాన్ని వెనక నుంచి తెరవండి

మొన్న అమలాపురం నుంచి మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. "మావయ్యా, డేటాబేస్ లైన్లోకి వెళ్దామనుకుంటున్నాను, కార్ట్‌లో ఆరు పుస్తకాలు పెట్టాను, అన్నీ కలిపి ఐదు వేలు దాటింది, నొక్కేయమంటావా?" అని. నొక్కకురా బాబూ, ముందు లిస్టు పంపు అన్నాను. చూస్తే రెండు ఇంటర్వ్యూ ప్రశ్నల పుస్తకాలు, రెండు ఒకే పాఠాన్ని వేరే వేరే అట్టలతో చెప్పేవి, ఒకటి ఒరాకిల్ అనే డేటాబేసు సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్ 10జి అడ్మినిస్ట్రేషన్, అంటే నిర్వహణ (సగం ధరకి వస్తోందట). ఆరోది మంచి పుస్తకమే గానీ వాడికి ఇప్పుడే అక్కర్లేదు. ఫోన్లో వాడికి చెప్పింది సగమే, మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ సగం ధర సంగతి. పుస్తెలమ్మైనా పులస తినాలంటారు మా వైపు, కానీ అది వరదల సీజన్లో దొరికే పులస గురించి. అడ్మినిస్ట్రేషన్ పుస్తకాలకీ సీజన్ ఉంటుంది. ఒరాకిల్ 12సి 2013లో వచ్చి కంటెయినర్ పద్ధతి తెచ్చింది, అంటే ఒక పెద్ద డేటాబేసు లోపల చిన్నవి ప్లగ్ చేసుకోవడం, 21సి నుంచైతే ఇక అదొక్కటే పద్ధతి. 10జి పుస్తకం ముందు పెట్టుకుని కొత్త వెర్షన్లో యూజర్‌ని క్రియేట్ చేయబోతే చాలామందికి మొదటి రోజే ఓఆర్ఏ-65096 అనే ఎర్రర్ ఎదురవుతుంది, ఎందుకో ఆ పుస్తకంలో ఎంత వెతికినా ఉండదు. పోస్ట్‌గ్రెస్ అని ఇంకో డేటాబేసు ఉంది, అందులో రికవరీకి, అంటే పడిపోయిన డేటాని తిరిగి నిలబెట్టడానికి, వేరే ఫైలు పెట్టాలని పాత పుస్తకాలన్నీ చెబుతాయి, 2019లో వచ్చిన 12వ వెర్షన్ నుంచి ఆ ఫైలు ఉంటే సర్వర్ లేవనే లేవదు. మైఎస్‌క్యూఎల్ అనే మరో డేటాబేసు పాత పుస్తకాలు అధ్యాయాలకి అధ్యాయాలు క్వెరీ కాష్ (డేటాబేసుని అడిగిన ప్రశ్నల జవాబులు దాచిపెట్టుకోవడం) గురించి చెబుతాయి, 8.0లో దాన్ని పీకేశారు. కాబట్టి అడ్మిన్ పుస్తకం కొనేముందు మీరు వాడబోయే వెర్షనేదో, పుస్తకం ఏ వెర్షన్ మీద రాశారో పక్కపక్కన పెట్టి చూసుకోండి. మూలసూత్రాల పుస్తకాలకి ఈ గొడవ లేదు, ఈ డేటాబేసులకి పునాది వేసిన కాడ్ 1970లో రిలేషన్ (మనం టేబుల్ అనేది) అంటే ఏమిటో చెప్పాడు, ఇప్పటికీ అదే.

ఇక అసలు విషయం. పుస్తకం మంచిదో కాదో అట్ట చూసి, విషయసూచిక చూసి చెప్పలేం, విషయసూచికలు అన్నిట్లోనూ ఒకేలా ఉంటాయి. నేను వెనక పేజీలు తిప్పుతాను, అక్షర క్రమంలో మాటలుంటాయే, అక్కడ. మూడే మాటలు వెతుకుతాను: నల్, ఐసొలేషన్, రీస్టోర్. ఆన్‌లైన్లో కొనేవాళ్లకి కూడా చాలా పుస్తకాలకి ఆ పేజీలు ప్రివ్యూలో కనిపిస్తాయి.

నల్ ఎందుకంటే, నేను 2009లో అమీర్‌పేటలో కోర్సు చేశాను. స్కాట్ అనే యూజర్ పేరు, టైగర్ అనే పాస్‌వర్డ్‌తో లాగిన్ అవడం, ఉద్యోగుల ఎంప్ టేబుల్, శాఖల డెప్ట్ టేబుల్, జిరాక్స్ మెటీరియల్, మా తరం వాళ్లందరికీ తెలిసిన కథే. ఆ ఎంప్ టేబుల్లో 14 మంది. వాళ్లలో ఎవరికీ మేనేజర్ కానివాళ్లెవరో చూపించమని ఓ ఇంటర్వ్యూలో అడిగారు. మేనేజర్ నంబర్లన్నీ లోపల తెచ్చి నాట్ ఇన్ (ఆ జాబితాలో లేనివాళ్లు అనే షరతు) పెట్టి రాసేశాను, ఇదేం ప్రశ్న అనుకుంటూ. ఒక్క వరస కూడా రాలేదు. రావాల్సింది 8 మంది. కింగ్ అనే అతనికి పైన ఎవరూ లేరు కాబట్టి అతని మేనేజర్ గడి నల్, ఆ ఒక్క నల్ లోపలి జాబితాలో ఉంటే నాట్ ఇన్ ఏ వరసకీ అవునని చెప్పలేదు, తెలియదు అంటుంది, అంతే. ఉద్యోగం రాలేదు లెండి. మెటీరియల్లో నల్ గురించి ఒకే లైను ఉండేది: "నల్ అంటే ఖాళీ". ఖాళీ కాదు, తెలియకపోవడం. మా వైపు రొయ్యల చెరువుల లెక్కలో పెట్టి చూడండి, ఒక చెరువులో ఇంకా వల విసిరి కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలో) చూడలేదనుకోండి, అక్కడ సున్నా కొడితే సగటు అడ్డంగా పడిపోతుంది, నల్ ఉంచితే సగటు లెక్కలోకే రాదు. దీనికి రెండు మూడు పేజీలైనా ఇవ్వని పుస్తకాన్ని కింద పెట్టేయండి.

ఐసొలేషన్ సంగతి చూడండి, అంటే ఒకేసారి పనిచేసే ఇద్దరి మార్పులు ఒకదానితో ఒకటి కలగాపులగం కాకుండా చూడటం. గోడౌన్లో మేత బస్తాలు 40 ఉన్నాయి, ఇద్దరు గుమస్తాలు ఒకేసారి స్క్రీన్ మీద 40 చూసి చెరో 30 రాసేశారు. స్టాక్ 10 అని చూపిస్తుంది, బయటికి వెళ్లాల్సినవి 60. మంచి పుస్తకం ఇక్కడ నిర్వచనం ఇచ్చి ఊరుకోదు, రెండు విండోలు తెరవమంటుంది, ఇందులో ఇది కొట్టు, కమిట్ చేయకు (ఖాయం చేయకు), ఇప్పుడు ఆ రెండో దాంట్లో ఇది కొట్టి ఏమవుతుందో చూడు అంటుంది. ఒరాకిల్, పోస్ట్‌గ్రెస్ మామూలుగా రీడ్ కమిటెడ్‌లో ఉంటాయి, అంటే వేరేవాళ్లు ఖాయం చేసినవి ఎప్పటికప్పుడు చూపిస్తాయి; మైఎస్‌క్యూఎల్‌లో డేటా దాచే ఇంజిన్ ఇన్నోడీబీ రిపీటబుల్ రీడ్‌లో ఉంటుంది, అంటే మొదట చూపిందే ఆ పని అయ్యేదాకా చూపిస్తుంది. ఆ తేడా చెప్పని పుస్తకం చదివి ఒక దాని నుంచి ఇంకో దానికి మారినవాడికి రాత్రిళ్లు నిద్ర ఉండదు.

రీస్టోర్ గురించి కొంచెం సిగ్గుపడుతూ రాస్తున్నాను. హైదరాబాద్ వదిలి పాలకొల్లు వచ్చేసిన కొత్తలో భీమవరం దగ్గర ఒక మేత డీలర్ ఆఫీసులో లెక్కల డేటాబేసు చూసేవాణ్ని. మైఎస్‌క్యూఎల్. రోజూ రాత్రి 11కి డంప్ (డేటా మొత్తం నకలు) తీసి ఫైల్లోకి పోసే స్క్రిప్ట్ రాశాను. బ్యాకప్ ఎలా తీయాలో నా దగ్గరున్న పుస్తకంలో పన్నెండు పేజీలు, తిరిగి ఎలా పెట్టాలో అర పేజీ. ఎండాకాలం కరెంటు వచ్చీపోతూ ఓ రోజు హార్డ్ డిస్క్ పోయింది. నాకేం టెన్షన్ లేదు, బ్యాకప్‌లు పక్క మెషీన్లో తేదీల వారీగా వరసగా ఉన్నాయి. తెరిచి చూస్తే గత నెలన్నర ఫైళ్లన్నీ సున్నా కేబీ. మధ్యలో పాస్‌వర్డ్ మార్చింది నేనే, స్క్రిప్ట్‌లో మార్చలేదు. డంప్ లాగిన్ కాలేక ఆగిపోయినా ఫైలు మాత్రం పుడుతుంది, ఎందుకంటే దాన్ని పుట్టించేది డంప్ కాదు, స్క్రిప్ట్‌ని నడిపే షెల్ అనే ప్రోగ్రాం. ఓనరు గారు కోప్పడలేదు, "ఆయ్, అన్నీ భద్రంగా ఉన్నాయన్నారు కదండీ" అన్నారంతే. కోప్పడినా బాగుండేది. ముగ్గురం కూర్చుని బిల్లు బుక్కుల కార్బన్ కాపీలు చూసి నెలన్నర లెక్క మళ్లీ కొట్టాం, పదకొండు రోజులు పట్టింది. అందుకే ఇప్పుడు అడ్మిన్ పుస్తకం చేతికొస్తే బ్యాకప్‌కి ఎన్ని పేజీలు, రీస్టోర్‌కి ఎన్ని అని లెక్కపెడతాను. రెండోది ఎక్కువుంటే రాసినవాడికి ఎప్పుడో ఒకసారి చెయ్యి కాలి ఉంటుందని నమ్మకం.

పేర్లు చెప్పమంటే, వాడికి చెప్పినవే చెబుతాను. సిల్బర్‌షాట్జ్, కోర్త్, సుదర్శన్ రాసిన డేటాబేస్ సిస్టమ్ కాన్సెప్ట్స్, అట్ట మీద తెరచాప పడవలుంటాయి, చాలా కాలేజీల్లో సిలబస్‌లో ఉన్నదే (సుదర్శన్ గారు ఐఐటీ బొంబాయి ప్రొఫెసర్). మొత్తం చదవక్కర్లేదు, ఎస్‌క్యూఎల్ (డేటాబేసుతో మాట్లాడే భాష), నార్మలైజేషన్ (ఒకే సంగతి రెండు చోట్ల రాయకుండా టేబుళ్లని విడగొట్టడం), ట్రాన్సాక్షన్లు (అయితే అన్నీ అవ్వాలి, లేదా ఏదీ అవ్వకూడదనే పనుల గుంపులు), రికవరీ, ఆ భాగాలు చాలు, పాత ఎడిషన్ అయినా పర్లేదు, సీనియర్ల దగ్గర ఊరికే దొరుకుతుంది. క్వెరీ ఎందుకు నెమ్మదిగా నడుస్తుందో తెలియాలంటే మార్కస్ వినాండ్ రాసిన ఎస్‌క్యూఎల్ పెర్ఫార్మెన్స్ ఎక్స్‌ప్లెయిన్డ్, సుమారు 200 పేజీలు, దాదాపు అంతా ఇండెక్సుల (డేటా త్వరగా దొరికేలా చేసే ఏర్పాటు) గురించే, ఆ పాఠాన్ని ఆయనే నెట్‌లో ఉచితంగా కూడా పెట్టాడు. అడ్మినిస్ట్రేషన్‌కి మాత్రం మొదట ఏదీ కొనొద్దు. పోస్ట్‌గ్రెస్ వాళ్ల సొంత మాన్యువల్ రెండు వేల పేజీలు దాటి ఉంటుంది, పైసా అక్కర్లేదు, ప్రతి వెర్షన్‌కీ విడిగా ఉంటుంది. భయపడకుండా బ్యాకప్ అండ్ రీస్టోర్ అధ్యాయంతో మొదలుపెట్టండి.

వాడి కార్ట్‌లో ఉన్న ఆరోది క్లెప్‌మన్ 2017లో రాసింది, డిజైనింగ్ డేటా ఇంటెన్సివ్ అప్లికేషన్స్, అట్ట మీద అడవి పంది. ఎంత మంచి పుస్తకమైనా, ఒక్క సర్వర్‌ని కూడా పడగొట్టి లేపని వాడికి పది సర్వర్ల కథ ఎక్కదు. ఏడాది ఆగి కొనుక్కోమన్నాను. ఇంటర్వ్యూ ప్రశ్నల పుస్తకాల గురించి రాయడానికేం లేదు.

ఇంగ్లీషు సంగతి కూడా అడిగాడు, అర్థమవుతుందో లేదో అని. ఒక పేరా చదివి మా అక్కకి తెలుగులో చెప్పి చూడరా అన్నాను. అమ్మకి డేటాబేసు ఏం తెలుస్తుంది అన్నాడు. అంబాజీపేటలో కొబ్బరికాయల లెక్క పదిహేనేళ్లుగా రాస్తోంది మీ అమ్మ, ఏ రైతుకి ఎంత బాకీయో రెండు చోట్ల రాస్తే ఏమవుతుందో నీకంటే నాకంటే బాగా చెబుతుంది అన్నాను.

చివరికి అయిదు తీసేశాడు, పడవల పుస్తకం సెకండ్ హ్యాండ్‌లో చూసుకుంటానన్నాడు, అడవి పందిని మాత్రం కార్ట్‌లోంచి తీయలేదు, కుర్రాడి ముచ్చట. వాడికి చెప్పలేదు గానీ ఒరాకిల్ 10జి పుస్తకం నా దగ్గరా ఒకటుంది, అప్పట్లో నేనూ సగం ధరకే కొన్నాను, అప్పటికే 11జి వచ్చేసింది. ఎవరికైనా కావాలంటే పాలకొల్లు వచ్చి పట్టుకెళ్లండి.