కౌంటర్ సున్నా చేస్తివి సరే, స్పాంజి సంగతేంది?

టవర్ క్లాక్ దగ్గర జిరాక్స్ షాపు పెట్టుకున్న మా బామ్మర్ది పొద్దున్నే ఫోన్ చేసినాడు, బావా ప్రింటర్లో రెండు ఎర్రలైట్లు మార్చి మార్చి కొడతాండాయి, హాల్‌టికెట్లకి పిల్లోల్లు లైన్లో ఉండారు, ఏం చేయల్ల అని. అడిగితే స్క్రీన్ మీద ఇంక్ ప్యాడ్ అని ఏందో చూపిస్తాందంట.

ఇంకు చిమ్మే హెడ్డును శుభ్రం చేసే హెడ్ క్లీనింగ్ కొట్టినప్పుడల్లా కొంత ఇంకు అడుగునుండే స్పాంజిలోకి, అదే ఇంక్ ప్యాడ్‌లోకి పోతాది, బార్డర్ లేకుండా ఫోటోలు కొట్టినా అంతే. స్పాంజి ఎంత తడిసిందో ప్రింటర్ చూడదు, ఊరికే కౌంటర్లో లెక్కేసుకుంటా పోయి లెక్క నిండితే ఆగిపోతాది. మావోడు చిన్న గీత పడినా క్లీనింగ్ కొట్టే రకం, నిండక ఏమైతాది!

నేను పోయేసరికే ఆ కౌంటర్‌ని సున్నా చేసే ఎక్కడిదో ఫ్రీ రీసెట్ సాఫ్ట్‌వేర్ దించి, అది యాంటీవైరస్ ఆపమంటే ఆపబోతాండాడు. కస్టమర్ల ఆధార్ కాపీలన్నీ ఆ కంప్యూటర్లోనే ఉండాయి సామీ! ఆపించినా.

ముందు ప్లగ్ పీకి, కింద పేపర్లు పరిచి, ప్రింటర్ని వంచకుండా వెనక స్క్రూ ఒకటి తీసి ప్యాడ్ లాగితే నల్లగా, బెల్లంపాకం మాదిరి కారతాంది. రీసెట్ ఒక్కటే చేసింటే ఆ ఇంకంతా కిందుండే స్విచ్‌బోర్డు మీదికే. కొత్త ప్యాడ్ వేసినాకే, సర్వీస్ సెంటర్లో కౌంటర్ రీసెట్ చేయించినాము. కొన్ని మోడళ్లలో ఈ వేస్ట్ ఇంకు పట్టే మెయింటెనెన్స్ బాక్స్ అని ఒక డబ్బా ఉంటాది, అది మారిస్తే చాలు, ఈ తిప్పలుండవు.

గ్లౌజులేసుకోరా అంటే వినలేదు, రెండ్రోజులైనా వాని వేళ్లు ఇంకా నీలంగానే ఉండాయి.