రేడియేషన్ మాక్ డ్రిల్: క్యాజువాల్టీ నర్సుగా నా అనుభవం

మా ఆసుపత్రి క్యాజువాల్టీ గోడమీద నిన్న సాయంత్రం ఒక కాగితం అంటించారు. రేడియోధార్మిక ధూళి అంటుకున్న క్షతగాత్రుడు వస్తే ముందు ప్రాణం నిలిపే చికిత్స చేయాలని, రేడియేషన్ కొలిచే మీటరుతో పరీక్ష ఆ తర్వాతేనని అందులో మొదటి వాక్యం. ఆ ఒక్క వాక్యం రాతపూర్వకంగా రావడానికి నేను ఎంత అవమానం దిగమింగవలసి వచ్చిందో మనసులో ఇంకా పచ్చిగా ఉండగానే రాసిపెడుతున్నాను. తిరుపతి, చిత్తూరు జిల్లాల ప్రభుత్వ ఆసుపత్రుల్లో క్యాజువాల్టీ డ్యూటీ చేసే సిస్టర్లు తప్పక చదవాలని నా కోరిక.

మా ఆసుపత్రిలో రేడియేషన్ ప్రమాదం మీద మాక్ డ్రిల్, అంటే ఉత్తుత్తి ప్రమాదంతో సాధన, పెడుతున్నారని తెలియగానే, తిరుపతికి రేడియేషన్ ప్రమాదం ఎందుకొస్తుందని మా వాళ్లే అడిగారు. కల్పాక్కం అణువిద్యుత్ కేంద్రం చెన్నైకి ఆవల ఉంది. మన దేశంలో అలాంటి కేంద్రం చుట్టూ అత్యవసర ప్రణాళిక సిద్ధం చేసి ఉంచే పరిధి 16 కిలోమీటర్లు కాబట్టి మనం అందులోకి రాము. ఆ మాట నిజమే గాని, రేడియోధార్మిక పదార్థం కేన్సర్ చికిత్స యంత్రాల్లోనూ ఉంటుంది, పైపుల వెల్డింగు తనిఖీ చేసే గామా కెమెరాల్లోనూ ఉంటుంది, లారీల్లో మన రోడ్లమీద తిరుగుతూనూ ఉంటుంది. 2010లో ఢిల్లీ మాయాపురిలో జరిగింది అణువిద్యుత్ కేంద్రంలో ప్రమాదం కాదు. విశ్వవిద్యాలయం వేలంలో అమ్మేసిన ఒక పాత పరికరం తుక్కు దుకాణానికి చేరింది, దానిలోని కోబాల్ట్-60 అనే రేడియోధార్మిక లోహాన్ని ఏమీ తెలియని పనివాళ్లు విప్పారు, ఏడుగురు ఆసుపత్రి పాలయ్యారు, వారిలో ఒకరు చనిపోయారు. అందులో ఒకాయన ఆ లోహపు ముక్కను పర్సులో పెట్టుకొని వెనక జేబులో వేసుకు తిరిగితే, అక్కడి చర్మం కాలిపోయింది. పాత ఇనుము కొనేవాళ్లు లేని ఊరు మన జిల్లాలో ఏదైనా ఉందా?

శిక్షణ సాఫీగా గడిచింది. కేన్సర్ చికిత్స విభాగం నుంచి వచ్చిన మెడికల్ ఫిజిసిస్టు (చికిత్సలో వాడే రేడియేషన్‌ను చూసుకునే నిపుణుడు) ఒక పూటలో మాకు కావలసినదంతా చెప్పారు. బయటినుంచి కిరణాలు మాత్రమే తగిలిన మనిషి ఎక్స్‌రే తీయించుకొని వచ్చిన రోగిలాంటివాడు, అతన్ని ముట్టుకుంటే మనకేమీ కాదు. ఒంటిమీద, బట్టలమీద రేడియోధార్మిక ధూళి పడినవాడి విషయంలోనే జాగ్రత్త అవసరం, అదీ గౌను, రెండు జతల గ్లౌజులు, మాస్కుతో తీరే జాగ్రత్త. బయటి బట్టలు తీసేస్తేనే 90 శాతం దాకా ధూళి పోతుంది. తర్వాత గోరువెచ్చని నీళ్లు, మామూలు సబ్బు చాలు. వేడినీళ్లు పోయకూడదు, చర్మం గీరుకుపోయేలా రుద్దకూడదు. గాయాన్ని ముందు కడిగి మూసిన తర్వాతే మిగతా ఒళ్లు కడగాలి.

గౌను విప్పడం మా ఎంఎన్‌ఓలకు (వార్డు సహాయకులకు) నేనే నేర్పించాను. ఒక్కొక్కరి గ్లౌజులకూ గౌను చేతులకూ కుంకుమ పూసి, లోపలి వైపు బయటికి వచ్చేలా చుట్టుకుంటూ విప్పమన్నాను. మణికట్టు మీద ఎర్రటి మరక కనిపించినవాళ్ల చేత మళ్లీ విప్పించాను. సాయంత్రానికి ఒక్కరి చేతికీ మరక అంటలేదు. కోవిడ్ రోజుల్లో మా వార్డులో గౌను విప్పే పద్ధతి నా దగ్గరే అందరూ నేర్చుకున్నారు, ఆ మాట చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు. స్టోర్సు నుంచి మందపాటి పాలిథిన్ సంచులు, నేలమీద పరిచే షీట్లు రాబట్టడం మాత్రం తలనొప్పి అయింది. ఇండెంటు (సామాను కోరే కాగితం) పెట్టేవాళ్లు కాపీ మీద అది అందినట్టు ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోకుండా ఆ గది దాటి రావద్దు.

ఇక డ్రిల్. కరకంబాడి రోడ్డులో ఒక తుక్కు దుకాణంలో పాత యంత్రాన్ని గ్యాస్ కట్టరుతో కోస్తుంటే సిలిండరు పేలిందని, లోపలున్న సీసియం అనే రేడియోధార్మిక పొడి చెల్లాచెదురైందని కథ. నర్సింగు కాలేజీ విద్యార్థులు క్షతగాత్రులుగా నటించారు. మొదటి 108లో వచ్చిన అబ్బాయి మెడలో వేలాడే కార్డు మీద తొడలో ధమని తెగి రక్తం పోతోందని, పది నిమిషాల్లో ఆపకపోతే మరణమని రాసి ఉంది. అంబులెన్సులోని ఈఎంటీ (అత్యవసర వైద్య సహాయకురాలు) స్ట్రెచర్ దించి క్యాజువాల్టీ మెట్ల దాకా తెచ్చింది. అక్కడే ఆపేశారు.

ఆపింది సెక్యూరిటీ వాళ్లు కాదు. పర్యవేక్షణకు వచ్చిన ఒక అధికారి తలుపుకు అడ్డంగా తాడు కట్టించి, రేడియేషన్ లేదని ధ్రువపత్రం వచ్చేదాకా ఎవరినీ లోపలికి రానివ్వవద్దని ఆదేశించారు. ఆ ధ్రువపత్రం ఎవరు ఇవ్వాలని అడిగితే ఎన్‌డీఆర్‌ఎఫ్ (జాతీయ విపత్తు స్పందన దళం) వాళ్లని అన్నారు. ఎన్‌డీఆర్‌ఎఫ్ 4వ బెటాలియన్ ఉన్నది అరక్కోణంలో, మన రాష్ట్రానికి చెందిన 10వ బెటాలియన్ ఉన్నది విజయవాడ దగ్గర కొండపావులూరులో. వాళ్ల దగ్గర ఇలాంటి ప్రమాదాలకు శిక్షణ పొందిన బృందాలున్న మాట వాస్తవం, వాళ్లు రావాలి, అణుశక్తి శాఖ నిపుణులూ రావాలి. అయితే తొడ తెగినవాడు వాళ్లకంటే ముందు ఆటోలోనో 108లోనో మన గుమ్మం ముందుకు వచ్చేస్తాడు. డ్యూటీ డాక్టరు అద్దం తలుపు వెనక నిలబడి ఉన్నారు. మీటరు ఇంకా దారిలో ఉంది. ఎండలో స్ట్రెచర్ మీద పడుకున్న అబ్బాయి నావైపు తల తిప్పి, "మేడం, నిజంగా అయ్యుంటే ఈపాటికి పోయుంటాను గదా" అన్నాడు.

నేను తాడు ఎత్తి స్ట్రెచర్ లోపలికి తోయించాను. గౌను, గ్లౌజులు, మాస్కు అప్పటికే వేసుకున్నాను. దుప్పటితో అతన్ని చుట్టి, షీటు పరిచిన దారిలోనే తీసుకువెళ్లి, రక్తం ఆపే పట్టీ టూర్నికే బిగించి, బిగించిన సమయం కార్డు మీద రాశాను. ఆ తర్వాతే ప్యాంటు, చొక్కా కత్తెరతో తల నుంచి కాళ్ల వైపు కోసి, మడతపెట్టి సంచిలో వేసి మూతికి లేబుల్ కట్టాను. కార్డులో చెప్పిన గడువు ఇంకా మిగిలి ఉంది.

అప్పుడు ఆ అధికారి లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడి అరిచారు. "ఏమ్మా, ఎవురు చెప్పినారు నీకు వాణ్ణి ముట్టుకోమని? ఆసుపత్రంతా పాడు చేసేస్తివే! నర్సువు నర్సులాగా ఉండాల." నా దగ్గర పాఠాలు నేర్చుకునే విద్యార్థులు, నా చేతికింద పనిచేసే ఎంఎన్‌ఓలు, 108 పైలట్లు (డ్రైవర్లు) అందరూ అక్కడే ఉన్నారు. ఇరవై ఏళ్లకు పైగా క్యాజువాల్టీలో పనిచేసినదాన్ని, నా తల దించుకునేలా ఎవరూ ఏనాడూ మాట్లాడలేదు. నేను బదులివ్వలేదు. చేతిలో ఉన్న పని పూర్తిచేశాను.

నన్ను బయటికి పంపి, కలుషితమైన వ్యక్తిగా ప్రహరీ గోడ దగ్గర నిలబెట్టారు. ఫిజిసిస్టు మీటరుతో వచ్చేదాకా అక్కడే ఎండలో ఉన్నాను. ఆ డ్రిల్‌లో రేడియోధార్మిక పదార్థం ఆవగింజంత కూడా లేదు, సీసియం అని చెప్పి వాడినది టాల్కం పొడి. ఆ సంగతి అందరికీ తెలుసు. అయినా రోజూ నాతో కలిసి భోంచేసేవాళ్లు నన్ను చూసి దూరంగా తిరిగి పోయారు. క్యాంటీన్ అబ్బాయి టీ గ్లాసు గోడమీద పెట్టి, నాలుగడుగులు వెనక్కి జరిగి, "అక్కా, ఆడుంది తీసుకోండి" అన్నాడు. ఉత్తుత్తి ప్రమాదంలోనే మనుషులు ఇలా ఉంటే, నిజంగా ధూళి పడిన కూలివాడి భార్యాబిడ్డల గతి ఏమవుతుందో అక్కడ నిలబడే ఆలోచించాను. ఫిజిసిస్టు వచ్చి అరచేతులు, ముఖం, బూట్ల అడుగులు వరసగా మీటరుతో చూసి, రీడింగు పరిసరాల్లో సహజంగా ఉండే స్థాయిలోనే ఉందని గట్టిగా అందరికీ వినిపించేలా చెప్పారు. ఆయనకు నేను రుణపడి ఉంటాను.

సమీక్షా సమావేశంలో నా పేరు చెప్పకుండా "క్రమశిక్షణ లోపం" అని ప్రస్తావించారు. టూర్నికే సంగతి ఒక్కరూ ఎత్తలేదు. అదే సమావేశంలో, ఊళ్లో అందరికీ వెంటనే అయొడిన్ మాత్రలు ఎందుకు పంచలేదని ఆ అధికారే అడిగారు. పొటాషియం అయొడైడ్ రేడియోధార్మిక అయొడిన్ నుంచి థైరాయిడ్‌ను మాత్రమే కాపాడుతుంది, అదీ ముందుగానో కొన్ని గంటల్లోపో వేసుకుంటేనే. తుక్కు దుకాణంలో చెదిరిన సీసియానికి అది దేనికీ పనికిరాదు, లోపలికి పోయిన సీసియాన్ని బయటికి పంపడానికి ఇచ్చే మందు ప్రష్యన్ బ్లూ. ఫిజిసిస్టు ఇది వివరించాక ఆయన మారు మాట్లాడలేదు. నాకు మాత్రం మర్నాడు మెమో వచ్చింది, సంజాయిషీ ఇవ్వమని.

ఇలాంటి మెమోకు రెండు వాక్యాల్లో క్షమాపణ రాసి ఇచ్చేయమని శ్రేయోభిలాషులు చెప్తారు. ఆ సలహా వినవద్దు. నేను జరిగినదంతా సమయాలతో సహా రాశాను. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి 2005లో ఇచ్చిన వైద్య విధానాల్లో ప్రాణరక్షణే మొదటిదని ఉన్న భాగం జతచేశాను. 1987లో బ్రెజిల్‌లోని గోయానియాలో మూసేసిన ఆసుపత్రి నుంచి సీసియం యంత్రం తుక్కు దుకాణానికి చేరినప్పుడు ఏం జరిగిందో రాశాను. అక్కడ లక్షా 12 వేలమందిని స్టేడియంలో పరీక్షిస్తే ధూళి అంటినవారు 249 మంది, చనిపోయినవారు నలుగురు. ఆ ఊరి మనుషులకు హోటళ్లలో గది ఇవ్వకపోతే వేలమంది ధ్రువపత్రాల కోసం తిరిగారు. చనిపోయిన చిన్నపిల్ల శవపేటిక మీద రాళ్లు వేశారు. 2011లో జపాన్‌లోని ఫుకుషిమా అణువిద్యుత్ కేంద్రంలో ప్రమాదం జరిగి, చుట్టుపక్కల ఆసుపత్రులను, వృద్ధాశ్రమాలను హడావిడిగా ఖాళీ చేయించినప్పుడు సుమారు 50 మంది రోగులు ఆ తరలింపులోనూ ఆ వెంటనేనూ చనిపోయారు, వాళ్లను చంపింది రేడియేషన్ కాదు. గాయపడినవాడిని ధ్రువపత్రం అడిగే గుమ్మం మన ఆసుపత్రికి ఉండకూడదని చివరి వాక్యం రాసి సంతకం చేశాను. తపాలు సెక్షనులో ముద్ర వేయించుకున్న కాపీ ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

తర్వాత కొంతకాలం ఏ కదలికా లేదు. ఆ నిశ్శబ్దం మెమోకంటే ఎక్కువ బాధించింది. చివరికి మా సూపరింటెండెంటు గారు ఫిజిసిస్టును పిలిపించుకొని మాట్లాడి, మెమో ఉపసంహరించి, కొత్త విధానం రాసే పని నాకూ ఆయనకూ అప్పగించారు. ఆ అధికారి నుంచి మాత్రం ఒక్క మాటా రాలేదు. ఆయన ఆ రోజు అరిచిన అరుపు విన్న విద్యార్థులందరికీ ఈ కాగితం చదివి వినిపించాను.

ఆ విధానంలో మేము చేర్చినవి మీ ఆసుపత్రుల్లోనూ పెట్టించుకోండి. రోగికి మొదటి వాంతి ఎన్ని గంటలకు అయిందో కేస్ షీటులో తప్పనిసరిగా రాయాలి. ప్రమాదం జరిగిన గంటలోపే వాంతులు మొదలైతే రేడియేషన్ మోతాదు చాలా ఎక్కువ తగిలిందని అనుమానించాలి. రక్త పరీక్ష ఒక్కసారి చేసి వదిలేయకుండా, లింఫోసైట్లు (ఒక రకం తెల్ల రక్తకణాలు) ఎంత వేగంగా పడిపోతున్నాయో చూడడానికి కొన్ని గంటలకోసారి మళ్లీ తీయాలి. కాలిన గుర్తులున్నా నిప్పు తగలలేదని చెప్పే తుక్కు కూలీని చర్మవ్యాధుల ఓపీకి పంపేయకుండా, చేతిలో ఏ లోహపు ముక్క పట్టుకున్నాడో, ఇంటికి ఏదైనా తీసుకెళ్లాడో అడగాలి. గర్భిణులైన సిస్టర్లను ఇలాంటి రోగులను చూసే గదిలో డ్యూటీకి వేయకూడదు. కోసిన బట్టలను చెత్తబుట్టలో వేయకుండా ఫిజిసిస్టు వచ్చేదాకా విడిగా దాచాలి. మీటరు ఉన్న విభాగపు రేడియేషన్ సేఫ్టీ ఆఫీసరు ఫోను నంబరు రాత్రి డ్యూటీ వాళ్లకు కూడా తెలిసి ఉండాలి. తర్వాతి డ్రిల్ రాత్రిపూట పెట్టమని రాతపూర్వకంగా అడిగాను, ఆ కాగితానికి కూడా ఇన్‌వర్డ్ నంబరు వేయించుకున్నాను.