నొగ బరువు

మామా స్నానాల గదిలో ఒళ్లు బరువు చూసుకునే కాటా కనిపించలేదంటే నవంబరు వచ్చిందని లెక్క. అది ఎక్కడికి పోయిందో ఇంట్లో అందరికీ తెలుసు. పెరటి గోడ పక్కన, ట్రైలర్ మూతి దగ్గర, ఒక పలక కింద అణిగి ఉంటుంది. "నా కాటా మీద మళ్లీ ఇనుము పెట్టావా?" అని ఆమె పై అంతస్తు కిటికీలోంచి అరబ్బీలో కేకేస్తుంది. పెట్టాను. ఆ కాటా చూడకుండా నేను ట్రైలర్‌ను గేటు దాటించను.

కువైట్ ఇళ్లలో పనిచేసే మేము యజమానిని బాబా అని, ఆయన భార్యను మామా అని పిలుస్తాం. నాది 20వ నంబరు వీసా. ఇంటి పనివాళ్లకు ఇచ్చేది; మనవాళ్లు ఖాదిం వీసా అంటారు. పిల్లల్ని బడిలో దింపడం, కూరగాయలు తేవడం, సాయంత్రం బాబాను దివానియాకు, అంటే మగవాళ్లు చేరి కబుర్లాడుకునే చోటికి, తీసుకెళ్లడం నా పని. మా ఊరు కడప జిల్లాలో, ముద్దనూరు దగ్గర. 2016లో ఇక్కడికి రాకముందు తొమ్మిదేళ్లు ట్రాక్టర్ మీద నాప బండలు తోలాను. బరువు బండి తోలిన అనుభవం ఉందా అని ఏజెంటు అడిగితే, మా వైపు పుట్టి బండల బండి తోలనివాడు ఎవడని నవ్వాను. ఆ నవ్వు నాలుగో ఏట ఆగిపోయింది.

నవంబరు 15 నుంచి మార్చి 15 దాకా కువైట్ వాళ్లకు ఎడారి గుడారాల కాలం. మా వాళ్లు ఏటా ఉత్తరాన సుబియా వైపు వెళ్తారు. గుడారాల గుడ్డ, ఇనుప గడలు, జనరేటర్, తివాచీలు, వంట పాత్రలు, పిల్లలు ఇసుకలో తోలే నాలుగు చక్రాల బగ్గీ, అన్నీ రెండు ఇరుసుల ట్రైలర్ మీద ఎక్కుతాయి. దాన్ని లాగేది 2500 తరగతి, అంటే బరువు పనుల రకం, అమెరికా పికప్. బానెట్ నా రొమ్ము దాకా వస్తుంది. మొదటిసారి దాని పక్కన నిలబడినప్పుడు, ఇంత బండిని ఆ ట్రైలర్ ఏం చేయగలదులే అనుకున్నాను.

సుబియాకు సముద్రం మీదుగా షేక్ జాబర్ వంతెన ఉంది. 36 కిలోమీటర్లు, 2019 మేలో తెరిచారు. ఆ ఏడు నవంబరులో సామాను ఎక్కించే పెత్తనం బాబా పెద్ద కొడుకు తీసుకున్నాడు. అక్కడికి చేరగానే ముందుగా బగ్గీ కావాలి, జనరేటర్ కావాలి, కాబట్టి రెండింటినీ తలుపు దగ్గర, ట్రైలర్ తోకలో పెట్టించాడు. ఆ ఆలోచనలో తప్పేమీ కనిపించలేదు నాకు కూడా. వంతెన సగం దాటాక పక్కగాలి కొట్టింది. స్పీడు వందకు దగ్గరలో ఉంది. ఎడమ అద్దంలో ట్రైలర్ మూల కనిపించింది. కనిపించకూడదు. అది మాయమై కుడి అద్దంలో రెండో మూల కనిపించింది. మళ్లీ ఎడమ, ఈసారి ఇంకాస్త ఎక్కువ. సీటు నన్ను అటూ ఇటూ నెడుతోంది. స్టీరింగు నా చేతిలో ఉంది, బండి మాత్రం ట్రైలర్ చేతికి పోయింది.

కాలు బ్రేకు మీదికి పోబోయింది. తొక్కి ఉంటే ట్రైలర్ అడ్డం తిరిగి బండిని మడతపెట్టేది. అదృష్టం ఏమిటంటే, పక్కింట్లో పెషావర్ డ్రైవరు ఒకాయన ముందే చెప్పి ఉన్నాడు: తోక ఊగితే యాక్సిలరేటర్ వదులు, స్టీరింగు తిప్పకు, డ్యాష్‌బోర్డులో ట్రైలర్ బ్రేకుకు వేరే మీట ఉంటుంది, దాన్ని చేత్తో నొక్కు. అలాగే చేశాను. ఆ మీట ట్రైలర్ చక్రాలను మాత్రమే పట్టుకుంటుంది. వెనక నుంచి ఎవరో తాడు పట్టి లాగినట్టు ట్రైలర్ సాగి, తిన్నగా నిలిచింది. మిగిలిన దూరం అరవైలో పోయాను. వెనక కారులో వస్తున్న పెద్ద కొడుకు ఇదంతా ఫోనులో తీశాడు. ట్రైలర్ డాన్సు చేసిందని ఆ రాత్రి మంట చుట్టూ అందరికీ చూపించాడు. నేను టీ పోస్తున్నాను. కప్పు మీద కప్పు తగిలి చప్పుడు చేస్తూనే ఉంది.

నిద్ర పట్టక పడుకుంటే మా జేజినాయన గుర్తొచ్చాడు. ఆయనకు ఎద్దుల బండి ఉండేది. బుడ్డల మూటలు ఎక్కించాక ఎద్దులను కట్టేముందు ఒక పని చేసేవాడు. కాడి కింద రెండు చేతులూ పెట్టి నొగను, అంటే బండి నుంచి కాడి దాకా వచ్చే పొడవాటి దూలాన్ని, కొద్దిగా ఎత్తి, ఒక క్షణం అలాగే పట్టుకునేవాడు. ఏదో దేవుడికి మొక్కుతున్నాడని చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. సులువుగా లేస్తే ఒక మూటను ముందుకు జరపమనేవాడు. నడుము పట్టేసేలా ఉంటే వెనక్కి జరపమనేవాడు. ముందు బరువు ఎక్కువైతే ఎద్దుల మెడలు పుండ్లు పడతాయి. వెనక బరువు ఎక్కువైతే కాడి పైకి లేచి, మెడ కింది తాడు బిగిసి ఎద్దుకు ఊపిరాడదు. మిట్ట ఎక్కేటప్పుడు నన్ను నొగ మీద కూర్చోబెట్టి, పల్లం దిగేటప్పుడు బండి తోకలోకి పొమ్మనేది కూడా అందుకే. నేను సరదా అనుకున్నాను, ఆయన నన్ను మూటగా వాడుకున్నాడు.

ట్రైలర్ మూతి పికప్ హుక్కు మీద మోపే బరువును టంగ్ వెయిట్ అంటారు. నాకు అది నొగ బరువే. ట్రైలర్, దాని మీది సామాను కలిపిన బరువులో అది 10 నుంచి 15 శాతం మధ్య ఉండాలి. అంతకంటే తగ్గితే తోక ఊగుతుంది. తిరుగు ప్రయాణంలో సామాను అదే వరసలో కట్టించి, వేబ్రిడ్జిలో ట్రైలర్‌ను విప్పి తూయించాను. 2,400 కిలోలు వచ్చింది. అంటే మూతి 240 నుంచి 360 కిలోలు మోపాలి. దాన్ని తూయడానికే మామా కాటా మీద కన్ను పడింది.

ఆ కాటా 150 కిలోలు దాటి చూపదు. కాబట్టి గట్టి పలక ఒకటి తీసుకుని, ఒక కొసను ఇటుకల మీద, రెండో కొసను కాటా మీద సమానమైన ఎత్తులో ఆనించాను. ట్రైలర్ చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, మూతి జాకీని పలక మీదికి దించాను. ఇటుకల నుంచి ఒక అడుగు, కాటా నుంచి రెండడుగుల దూరంలో దిగాలి. అలా దిగితే బరువులో మూడో వంతే కాటా మీద పడుతుంది. పలక బరువు తీసేస్తే ముల్లు 41 దగ్గర ఆగింది. మూడు రెట్లు చేస్తే 123 కిలోలు. ఉండాల్సినదాంట్లో సగం. జనరేటర్‌ను ఇరుసుల ముందుకు జరిపించి, బగ్గీని మధ్యకు తెచ్చి మళ్లీ చూస్తే 95 చూపించింది, అంటే 285. మొత్తం బరువులో ఒక్క కిలో మారలేదు. ఆ ట్రైలర్ మళ్లీ ఎప్పుడూ ఊగలేదు.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. పెద్ద కొడుకు ఆ పాఠాన్ని మరీ బాగా నేర్చుకున్నాడు. కరోనా పోయి మళ్లీ గుడారాలు వేసిన ఏడు, 1,000 లీటర్ల నీళ్ల ట్యాంకు కొని ట్రైలర్ ముందు భాగంలో బిగించి, ఇంట్లోనే నింపించాడు. ముందు బరువు ఉంటే మంచిదని నువ్వే కదా చెప్పావు అన్నాడు. లీటరు నీళ్లంటే కిలో. ట్యాంకు నిండితే ఒక టన్ను అదనం, అదీ మూతి పక్కనే. రాత్రి పెట్రోలు బంకు దాకా తీసుకెళ్లాను. ఎదురుగా వచ్చే ప్రతి కారూ నాకు లైట్లు కొట్టింది. నా హెడ్‌లైట్లు తక్కువ కాంతిలోనే ఉన్నాయి, కానీ పికప్ వెనక కుంగి, ముక్కు పైకి లేచి, వెలుగంతా వాళ్ల కళ్లలో పడుతోంది. స్టీరింగు వేలితో తిప్పినా తిరిగేంత తేలికైపోయింది. బండల ట్రాక్టర్ తోలినవాడికి ఆ తేలిక ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు.

తిరిగి వచ్చి తూశాను. ఈసారి పలకను ఒకటికి నాలుగడుగులుగా పరిచాను. 108 చూపించింది, అయిదు రెట్లు 540. హుక్కు వెనక ఇరుసుకు ఇంకా వెనక ఉంటుంది. మా బండికి చక్రాల మధ్య దూరం నాలుగు మీటర్లు, ఇరుసు నుంచి హుక్కుకు 1.4 మీటర్లు. అక్కడ 540 కిలోలు వేలాడితే, ముందు చక్రాల మీద సుమారు 190 కిలోలు లేచిపోతాయి, వెనక ఇరుసు మీద 730 దాకా పడతాయి. బండి తిరిగేది ముందు చక్రాలతో, బ్రేకు ఎక్కువ పనిచేసేదీ ముందే. డ్రైవరు తలుపు పక్కన అతికించిన పట్టీలో ఏ ఇరుసు ఎంత మోస్తుందో రాసి ఉంటుంది. వెనక సీట్లో నలుగురు పిల్లలు, తొట్టిలో బొగ్గుల బస్తాలు కూడా ఆ ఇరుసు లెక్కలోకే వస్తాయి.

"ఈ బండి ఆరు టన్నులు లాగుతుందని షోరూములో చెప్పారు. ఖల్లీ వల్లీ" అన్నాడు పెద్ద కొడుకు. వదిలెయ్ అని అర్థం. లాగడం వేరు, మోయడం వేరు అని నాకు వచ్చిన అరబ్బీలో చెప్పలేకపోయాను. అతన్ని కాదనే హోదా నాకు లేదు. కానీ బరువు ఎక్కించేది ఎవరైనా పోలీసు కాగితం మీద పేరు డ్రైవరుదే, జీతంలో కోతా డ్రైవరుకే. అందుకని దివానియా నుంచి తీసుకొస్తూ బాబాతో చెప్పాను.

బాబా తెల్లటి దిష్‌దాషా అంగీలోనే పెరట్లో మోకాళ్ల మీద కూర్చుని ఫోను లైటు వేశాడు. హుక్కు కడ్డీ దూర్చడానికి బండికి పుట్టుకతో వచ్చిన హిచ్ గొట్టం రెండున్నర అంగుళాలది. దాని మీది స్టిక్కరు చాలా పెద్ద అంకెలే చెబుతోంది. కొడుకు మాత్రం మెరుస్తుందని, ట్రైలర్ మూతి కూర్చునే బంతి ఉన్న రెండంగుళాల మందం కడ్డీ కొని, సందు పూడ్చడానికి మధ్యలో ఇనుప తొడుగు వేశాడు. ఆ కడ్డీ పక్కన అచ్చొత్తిన అక్షరాలను బొటనవేలితో మట్టి తుడిచి చూపించాను: ట్రైలర్ 10,000 పౌండ్లు, మూతి 1,000 పౌండ్లు. వెయ్యి పౌండ్లంటే 454 కిలోలు. బండి ఎంత గొప్పదైనా గొట్టం, తొడుగు, కడ్డీ, బంతి, వీటిలో అన్నిటికంటే చిన్న అంకె ఏదో అదే మన అంకె. బాబా చాలాసేపు ఆ అక్షరాలనే చూశాడు. తర్వాత అడిగిన ప్రశ్న మా ఇద్దరికీ తట్టనిది: "ఎడారిలోకి నీళ్ల ట్యాంకరు ఎలాగూ వస్తుంది కదా, ఇంటి నుంచి ఎందుకు మోస్తున్నారు?"

ట్యాంకు ఖాళీగా వెళ్లింది. కడ్డీని కూడా రెండున్నర అంగుళాలదానికి మార్చారు. మరుసటి శుక్రవారం ఫాహీల్‌లో మనవాళ్ల గదిలో ఇది చెబితే, పడవ లాగే రాయచోటి తమ్ముడు ఒకడు తన లెక్క వేరని వాదించాడు. పడవల ట్రైలర్లకు 5 నుంచి 10 శాతం సరిపోతుందట, పావు టన్ను ఇంజన్లు రెండు తోకలోనే ఉంటాయి కదా అన్నాడు. మరొకడు స్ప్రింగు కడ్డీలు కొనమన్నాడు. అవి మూతి బరువులో కొంత ముందు చక్రాలకు, ట్రైలర్ ఇరుసులకు పంచుతాయి, మంచివే. కానీ హిచ్ మీద రాసిన హద్దును అవి మనకిష్టమొచ్చినట్టు పెంచవు. భోజనం చల్లారేదాకా వాదించుకున్నాం.

పోయిన ఏడు సెలవుకు వచ్చినప్పుడు మేనల్లుడు రెండు చక్రాల ట్రాలీలో బండలు వేసి ఎర్రగుంట్ల వైపు బయలుదేరుతున్నాడు. బండలన్నీ ముందుకు నెట్టి పేర్చి ఉన్నాయి. మిట్ట దగ్గర ట్రాక్టర్ ముందు చక్రాలు లేవకుండా బానెట్ మీద కూర్చోవడానికి ఇద్దరు పిల్లలు సిద్ధంగా ఉన్నారు. రెండు వరసలు వెనక్కి, ఇరుసు మీదికి జరపమన్నాను.

"మామా, కువైట్‌లో కూడా బండలే తోలుతావా?" అన్నాడు వాడు. ఆ పిలుపు వినగానే పైన కిటికీ ఉందేమోనని తలెత్తి చూశాను.

గొణుక్కుంటూనే జరిపాడు. నాలుగు చక్రాలూ నేల మీదే ఉండి ట్రాక్టర్ మిట్ట ఎక్కింది. పిల్లలిద్దరూ అలిగి, ట్రాలీ వెనక నడిచి వచ్చారు.