టబ్బుల్లో సాంబ మసూరి: ఎండు తెగులు, చక్కెర కోసం పోటీ

నాటు

మిర్యాలగూడ శివారులో సాగర్ ఎడమ కాలువ కింది పొలాలకు ఆనుకొని ఉన్న మా పెరట్లో ఈ ఖరీఫ్‌కు మూడు టబ్బుల్లో వరి వేశాను. రెండింటిలో బాపట్ల రకం బీపీటీ 5204, అంటే మనందరం తినే సాంబ మసూరి. మూడో దానిలో హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ), వరి పరిశోధన సంస్థ కలిసి ఎండు తెగులును తట్టుకునేలా రూపొందించగా 2008లో విడుదలైన మెరుగైన సాంబ మసూరి. టబ్బు వ్యాసం అర మీటరు. ఎకరాకు 48 కిలోల నత్రజని లెక్కను ఆ వైశాల్యానికి కుదిస్తే పంటకాలమంతటికీ సుమారు 5 గ్రాముల యూరియా సరిపోతుంది; దానిని నాటే ముందు, పిలకల దశలో, చిరుపొట్ట దశలో (కాండం లోపల కంకి రూపుదిద్దుకునే వేళ) సమానంగా పంచాను. తేడా చూడాలని ఒక బీపీటీ టబ్బుకు మాత్రం పిలకల దశలో వాటా రెట్టింపు చేశాను.

కాండం తొలుచు పురుగు గుడ్లు పోతాయని నారు కొసలు తుంచి నాటడం మన దగ్గర అలవాటు. ఎండు తెగులు తరచూ వచ్చే చోట ఆ అలవాటు మానుకోవడమే మేలు, ఎందుకంటే తుంచిన చోటు నుంచి బాక్టీరియా నేరుగా ఆకులోని నీటి నాళాల్లోకి దిగుతుంది. అందుకే కొసలు అలాగే ఉంచి నాటాను.

పిలకల దశ చివర

గాలివానల తరువాత రెండు బీపీటీ టబ్బుల్లోనూ ఆకుల కొసలు పసుపు బారి, అంచు వెంబడి అలల్లాంటి గీతతో ఎండు కిందికి దిగసాగింది. తెల్లవారుజామున చూస్తే ఆ అంచున తేనె రంగు బొట్లు సన్నగా పేరుకొని ఉన్నాయి. పచ్చదనం, ఎండు కలిసే చోట ఆకును కోసి గాజు గ్లాసులోని తేట నీటిలో నిలబెడితే, కాసేపటికి కోసిన అంచు నుంచి పాలపొగ వంటి చార కిందికి జారింది; అది నాళాల్లోంచి బయటికొచ్చే బాక్టీరియా. ఈ పరీక్షకు ఖర్చు లేదు. పోషక లోపం వల్ల ఎండిన ఆకులో ఈ చార రాదు కనుక, మందుల దుకాణానికి వెళ్లే ముందు ఎవరైనా చేసి చూడదగినది.

మెరుగైన రకంలోనూ కొన్ని ఆకుల కొసలు మాడాయి, కాని మచ్చ రెండు అంగుళాలు దాటలేదు. మామూలు మోతాదు యూరియా వేసిన బీపీటీలో మచ్చ జానెడు పొడవుంది. రెట్టింపు వేసిన టబ్బులో చాలా ఆకులు సగానికి పైగా ఎండిపోయాయి.

కారణం

నీటి నాళాల్లో ప్రవహించే ద్రవంలో చక్కెర చాలా తక్కువ. అక్కడ పెరగడానికి ఎండు తెగులు బాక్టీరియా జాంథోమోనాస్ ఒక ఉపాయం పన్నుతుంది: తన ప్రోటీన్ ఒకదానిని వరి కణంలోకి చొప్పించి, స్వీట్ 11 అనే జన్యువును తట్టి లేపుతుంది. ఆ జన్యువు తయారుచేసే వాహకం సుక్రోజును కణం బయటికి పంపుతుంది. మొక్క కూడబెట్టిన చక్కెర బాక్టీరియాకు మేతవుతుంది. మెరుగైన సాంబలో ఉన్న ఎక్స్‌ఏ 13 అనే రూపంలో ఆ జన్యువు ముందుభాగం మారిపోయి ఉంటుంది కనుక బాక్టీరియా ప్రోటీన్ అక్కడ అతుక్కోలేదు. జన్యువును పూర్తిగా అణచివేస్తే పుప్పొడి గొడ్డుపోతుంది. ఇక్కడ మారింది శత్రువు పట్టుకునే చోటు మాత్రమే కనుక గింజకు లోటు రాదు. ఈ పనితనం నాకు అన్నిటికంటే నచ్చింది.

మెరుగైన సాంబలోనే తోడుగా ఉన్న మరో జన్యువు ఎక్స్‌ఏ 5 అటువంటి ప్రోటీన్ల పట్టును సడలిస్తుంది. ఆఫ్రికా అడవి వరి నుంచి వచ్చిన ఎక్స్‌ఏ 21 బాక్టీరియా ఆనవాలును గుర్తించి కణాన్ని అప్రమత్తం చేస్తుంది. అప్పుడు మొక్క ఫినైల్ అలనిన్ వంటి ముడిసరుకును లిగ్నిన్‌గా, ఫినోల్ పదార్థాలుగా మార్చి గోడలు గట్టిపరుస్తుంది. ఈ పనికి శక్తి, కార్బన్ రెండూ కావాలి. యూరియా ఎక్కువైనప్పుడు ఆ కార్బన్ మెత్తని కొత్త ఆకులకు తరలిపోతుంది, దుబ్బు గుబురై తేమ నిలుస్తుంది.

చిరుపొట్ట

తెగులు ఎక్కువగా సోకిన రెండు బీపీటీ టబ్బుల్లో యూరియా మూడో వాటా ఆపేశాను, నీటిని తీసి కొన్నాళ్లు ఆరబెట్టాను, ఒక టబ్బు నీరు మరొకదానిలో పడకుండా జాగ్రత్తపడ్డాను. ఆ తరువాత వచ్చిన ఆకుల్లో మచ్చలు నెమ్మదించాయి, కాని వర్షాలు కూడా తగ్గినందువల్ల ఘనత అంతా యూరియా ఆపడానికే ఇవ్వలేను. వచ్చే ఖరీఫ్‌లో బీపీటీ రెండు టబ్బులకూ యూరియా సమానంగా వేసి, ఒకదానికి మాత్రం చిరుపొట్ట దశలో పొటాష్ చేర్చి మచ్చల పొడవు కొలుస్తాను.