కవరు లేని ఉత్తరానికి మడతే కవరు

ప్రచారం కోసం టపాలో పంపే మడత మెయిలర్, అంటే కవరు లేకుండా తననే మడిచి మూసి పంపే కాగితం, చేయించుకోవాలని వచ్చేవాళ్లు ముందుగా లాప్‌టాప్ తెరిచి డిజైన్ చూపిస్తారు. కాగితానికి ఒక వైపు మూడు ప్యానెళ్లు (మడతల మధ్య పడే భాగాలు), రెండో వైపు మూడు ప్యానెళ్లు, అన్నీ వరుసగా పరిచి చూడముచ్చటగా ఉంటాయి. నేను దాన్ని ఒకసారి చూసి పక్కన పెట్టి, ఒక తెల్ల కాగితాన్ని అదే కొలతకు కోసి, మడిచి వాళ్ల చేతికిస్తాను. దాన్ని విప్పుతూ, కంటబడిన క్రమంలోనే ఒక్కొక్క ప్యానెల్ మీద పెన్సిల్‌తో అంకె వేయమంటాను. ఆ అంకెల వరుస వాళ్లు తెర మీద అనుకున్న వరుసతో కలిసిన సందర్భాలు నా అనుభవంలో చాలా తక్కువ.

ఎక్కువ మంది వాడే సి మడతనే, అంటే రెండు చివరలూ ఒకదాని మీద ఒకటి పడేలా మధ్య భాగం మీదికి మడిచే పద్ధతినే, తీసుకుందాం. బయటి వైపు ఫైలులో కుడి చివరన ఉండేది ముఖచిత్రం, మధ్యలో ఉండేది చిరునామా పడే వెనక భాగం, ఎడమ చివరన ఉండేది లోపలికి మడుచుకుపోయే రెక్క. డిజైన్ చేసేవారు ఈ ఎడమ చివరి ప్యానెల్‌ను మూలన పడ్డ స్థలంగా భావించి, షరతులూ ఫోన్ నంబర్లూ అక్కడ నింపేస్తారు. నిజానికి ముఖచిత్రాన్ని తెరిచిన మరుక్షణం చదివేవారి కుడి చేతి వైపు కనిపించేది ఆ రెక్కే. దాన్ని కూడా విప్పాకే లోపలి మూడు ప్యానెళ్లూ ఒకే వరుసలో బయటపడతాయి. అంటే, లోపలిదంతా విప్పి చూడాలా వద్దా అని పాఠకుడు తేల్చుకునే చోట మనం షరతులు పెట్టి ఉంచామన్నమాట.

కవరు చేసే పనులు మూడు: లోపలి కాగితాన్ని దెబ్బల నుంచి కాపాడుతుంది, విషయాన్ని ఇతరుల కంటికి అందకుండా దాస్తుంది, లోపల ఏముందో చూడాలన్న ఆసక్తిని పుట్టిస్తుంది. కవరు తీసేసినప్పుడు ఈ మూడు పనులూ మాయం కావు, మడత మీద పడతాయి. ఖర్చు తగ్గుతుందని మాత్రమే మెయిలర్‌ను ఎంచుకున్నవారు ఈ సంగతిని గమనించరు. కవరు కొనడం, అందులో కాగితం పెట్టడం, అతికించడం అనే మూడు దశలు తప్పిపోయే మాట నిజమే, కానీ వాటి స్థానంలో మడతను గురించి ఆలోచించే శ్రమ వచ్చి చేరుతుంది.

ఇది కొత్త పద్ధతేమీ కాదు. 1840కి ముందు బ్రిటన్‌లో తపాలా రుసుమును ఉత్తరం వెళ్లే దూరాన్నీ, అందులోని కాగితాల సంఖ్యనూ బట్టి లెక్కకట్టేవారు. కవరును కూడా ఒక కాగితంగానే లెక్కించడం వల్ల, రాసిన కాగితాన్నే మడిచి, అంచును లక్కతో అతికించి, పైకి కనిపించే ఖాళీ భాగంలో చిరునామా రాయడం వాడుకగా ఉండేది. బ్రిటిష్ తపాలా సంస్కర్త రోలండ్ హిల్ సూచించిన మార్పులతో రుసుము బరువును బట్టి నిర్ణయమయ్యాక కవరుకు ఆ శిక్ష తప్పి, అది ఇంటింటి వస్తువైంది. ఆ తర్వాత కూడా ఏరోగ్రామ్ (విదేశాలకు విమానంలో పంపే మడత ఉత్తరం) రూపంలోనూ, ఇన్‌లాండ్ ఉత్తరం రూపంలోనూ పాత మడత నిలిచే ఉంది. ఇన్‌లాండ్ ఉత్తరాన్ని తొందరలో తప్పు అంచున చించి, రెండు వాక్యాలను ముక్కలు చేసుకున్నవారికి, విప్పే దారిని ముందుగా చూపించవలసిన అవసరం ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

మడత సరిగా పడాలంటే మొదట కాగితాన్ని అర్థం చేసుకోవాలి. తయారీలో నార పోగులు యంత్రం నడిచే దిశలో సర్దుకుంటాయి కాబట్టి ప్రతి కాగితానికీ ఒక గ్రెయిన్ దిశ ఉంటుంది. మడత ఆ దిశకు సమాంతరంగా పడితే గీత నున్నగా వస్తుంది, అడ్డంగా పడితే పోగులు విరిగి అంచు గరుకుగా తేలుతుంది. మందమైన ఆర్ట్ పేపర్ మీద ముదురు రంగు నిండుగా పోసి, గ్రెయిన్‌కు అడ్డంగా మడిస్తే, మడత పొడవునా రంగు పగిలి తెల్లటి గీత కనిపిస్తుంది. కవరు ఉంటే ఈ లోపం లోపలే ఉండిపోయేది. మెయిలర్‌లో మడత అంచే అందరికంటే ముందు బయటి ప్రపంచాన్ని తాకుతుంది కాబట్టి పగులు అక్కడే మొదలై, చేతులు మారే కొద్దీ పెరుగుతుంది. అందుకే మందమైన కాగితానికి మడతకు ముందు క్రీజింగ్ (మడత పడే చోట యంత్రంతో గాడి నొక్కడం) చేయించడం, మడత మీదుగా నిండు రంగు పోకుండా చూడడం, కాగితం కొనేటప్పుడే గ్రెయిన్ దిశ చెప్పడం నాకు అలవాటైపోయాయి. క్రీజింగ్ అదనపు ఖర్చని కొందరు వద్దంటారు. అలాంటివారికి నేను పగిలిన మడత ఉన్న ఒక పాత నమూనా చూపిస్తాను, ఆపై వాదన ఉండదు.

లోపలికి పోయే రెక్క మిగతా రెండింటికంటే కొద్దిగా పొట్టిగా ఉండాలి. 297 మిల్లీమీటర్ల పొడవున్న ఏ4 కాగితాన్ని సరిగ్గా 99 చొప్పున మూడు భాగాలు చేస్తే, లోపలి రెక్క మడతకు తగిలి ఉబ్బుతుంది. 100, 100, 97గా విభజిస్తే సాఫీగా కూర్చుంటుంది. ఈ తేడాను ఫైలులోనే చేయాలి, లేకపోతే ప్రెస్సులో మడత సరిగానే పడినా బొమ్మలు పక్క ప్యానెల్‌లోకి జారిపోతాయి. బరువు లెక్క కూడా ఇక్కడే తేల్చుకోవచ్చు: ఏ4 కాగితం చదరపు మీటరులో 16వ వంతు కాబట్టి, 150 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు 150 గ్రాముల) కాగితమైతే ఒక్కో మెయిలర్ 9 గ్రాముల పైచిలుకు తూగుతుంది.

ఇక మూసే పద్ధతి. నా తొలి తప్పు ఇక్కడే జరిగింది. మెయిలర్ పైనుంచి తెరుచుకోవడం కంటే కిందినుంచి తెరుచుకుంటే కొత్తగా ఉంటుందని, మడత అంచును పైకి ఉంచి, తెరుచుకునే అంచును కిందికి పెట్టి, మధ్యలో ఒకే ఒక్క గుండ్రటి స్టిక్కర్ అతికించాను. చేతిలో పట్టుకుంటే చాలా బాగుంది. అయితే ఉత్తరాలను వేరుచేసే యంత్రంలో ప్రతి ఉత్తరమూ తన కింది అంచు మీద నిలబడి, గంటకు ముప్పై వేలకు పైగా ఉత్తరాలు వెళ్లే వేగంతో పరిగెత్తుతుంది. తెరిచి ఉన్న అంచు కిందికి ఉంటే అది బెల్టుకు తగిలి విచ్చుకుంటుంది. ఆ విడతలో నా జాబితాలో చేర్చుకున్న తెలిసినవారి చిరునామాలకు చేరిన కాగితాల్లో సగానికి మూలలు నలిగి, ఒకటి రెండింటికి స్టిక్కర్‌తో పాటు బొమ్మలోని ముఖం కూడా ఊడిపోయి వచ్చింది. చిరునామాను చదివే స్థితిలో పట్టుకున్నప్పుడు చివరి మడత కింది అంచున గానీ, నిలువు మడతలైతే కుడి అంచున గానీ ఉండాలన్న నియమం ఎందుకు పెట్టారో నాకు ఆనాడు అర్థమైంది.

యంత్రాలను దృష్టిలో పెట్టుకుని రాసిన ఇలాంటి నియమాలకు మంచి ఉదాహరణ అమెరికా తపాలా సంస్థ 2013 జనవరి నుంచి అమలు చేసినవి. కవరు లేని మడత మెయిలర్లకు వాటిలో ప్రత్యేక భాగమే ఉంది: బరువు 3 ఔన్సులు, అంటే సుమారు 85 గ్రాములు దాటకూడదు. ఎత్తు 6 అంగుళాలు, పొడవు 10.5 అంగుళాలు మించకూడదు. బరువు పెరిగే కొద్దీ కాగితం మందమూ, ట్యాబుల (అంచును మూసే స్టిక్కర్ల) పరిమాణమూ పెరగాలి. సులువుగా చిరిగేలా చిన్న చిల్లుల వరుస ఉన్న ట్యాబులు పనికిరావు. వీటిని పాటించని మెయిలర్‌కు యంత్రాలకు అనువైన తక్కువ రుసుము వర్తించదు. ఏ దేశపు తపాలా వ్యవస్థకు ఆ దేశపు కొలతలు ఉంటాయి కాబట్టి, ఈ అంకెలను ఎక్కడపడితే అక్కడ వాడుకోవడం కుదరదు. నేను చేసేదల్లా, ముద్రణకు ముందే అసలు కాగితంతో చేసిన నమూనాను తపాలా కార్యాలయానికి తీసుకెళ్లి, అక్కడివారికి చూపించి సరేననిపించుకోవడం. ఈ ఒక్క పనికి పట్టే సమయం, తిరిగి ముద్రించడానికి పట్టే సమయంలో వందో వంతు కూడా ఉండదు.

స్టిక్కర్ ట్యాబుకు బదులు గమ్ చుక్కలు పెట్టవచ్చు. కొద్దిగా లాగితే కాగితాన్ని చింపకుండా ఊడివచ్చే రకం గమ్ కూడా దొరుకుతుంది. నేను వీలైనంతవరకు దాన్నే సూచిస్తాను, ఎందుకంటే మొదటి స్పర్శలోనే కాగితం చిరిగితే చదివేవారి చేతిలో మిగిలేది మన సందేశం కాదు, చెత్త. ట్యాబే వాడవలసి వస్తే, అది పడే చోట అక్షరం గానీ, ముఖం గానీ, కూపన్ అంచు గానీ లేకుండా చూసుకోవాలి.

చిరునామా ప్యానెల్ గురించి ఒక్క మాట. మెరుపు కోసం మెయిలర్ మొత్తానికి యూవీ కోటింగ్ (అతినీలలోహిత కాంతితో గట్టిపరిచే మెరుపు పూత) వేయించి, ఆ తర్వాత దాని మీద ఇంక్‌జెట్‌తో చిరునామాలు ముద్రించబోతే సిరా ఆరక, వేలు తగలగానే చెరిగిపోతుంది. చిరునామా, బార్‌కోడ్ పడే చోటును కోటింగ్ లేకుండా వదిలిపెట్టమని ఫైలులోనే గుర్తుపెట్టాలి.

అన్నిటికీ మెయిలర్ తగదు. అప్పు బకాయి, ఆరోగ్య పరీక్ష ఫలితం, ఖాతా వివరాలు వంటివి మడతల మధ్య దాచి పంపడం తప్పు, పక్కనుంచి తొంగిచూస్తే కనబడే సందు ఏదో ఒకచోట ఉండనే ఉంటుంది. ఒక వ్యక్తి మరో వ్యక్తికి మనసు విప్పి రాసినట్టుండే విరాళాల విజ్ఞప్తికి కూడా నేను కవరునే సమర్థిస్తాను. మడత మెయిలర్‌ను ఎంత మర్యాదగా తీర్చిదిద్దినా అది ప్రకటనేనని చూడగానే తెలిసిపోతుంది, తెలియనివ్వకుండా నటించడం దానికి నప్పదు. కొత్త దుకాణం తెరవడం, గడువు ఉన్న తగ్గింపు, కార్యక్రమానికి ఆహ్వానం, దారి చూపే పటం, చింపి దాచుకునే కూపన్ వంటివి మాత్రం దానికి పుట్టినిల్లు. విప్పితే పెద్దదయ్యే కాగితం కాబట్టి, పటమూ, పెద్ద బొమ్మా అందులో ఉన్నంత దర్జాగా పోస్టుకార్డులో ఉండలేవు.

నేరుగా ఇళ్లకు టపాలో ప్రకటనలు పంపే డైరెక్ట్ మెయిల్ రంగంలో, ఆ రంగపు అమెరికన్ నిపుణుడు ఎడ్ మేయర్ పేరు మీద చెలామణి అయ్యే ఒక పాత సూత్రం ఉంది: ఫలితంలో 40 శాతం జాబితాది, 40 శాతం మనం ఇవ్వజూపే ప్రయోజనానిది, 20 శాతమే రూపకల్పనది. ఆ అంకెలు కొలిచి తేల్చినవి కావు, ప్రాధాన్యాల వరుసను గుర్తుచేయడానికి చెప్పినవి. మడత గురించి ఇంత రాసిన నేనే ఈ మాట అనడం వింతగా ఉండవచ్చు గానీ, ఇల్లు మారిపోయినవారికి పంపిన మెయిలర్ ఎంత చక్కగా తెరుచుకుంటే మాత్రం ఏం లాభం? ఒకే ఇంటికి మూడు పేర్లతో మూడు కాపీలు వెళ్లకుండా జాబితాను శుభ్రం చేసుకోవడం, వద్దన్నవారి పేర్లు తీసేయడం ముద్రణకు ముందే జరగాలి.

ఫలితాన్ని కొలవడంలో తొందరపాటు ఎక్కువగా కనిపిస్తుంది. జాబితాను యాదృచ్ఛికంగా రెండు సగాలు చేసి, ఒక సగానికి సి మడత, ఇంకో సగానికి జెడ్ మడత (ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి పడే మడతలు) పంపి, రెండింటికీ వేర్వేరు కోడ్‌లు గానీ, వేర్వేరు క్యూఆర్ కోడ్‌లు గానీ ఇస్తే ఎవరు దేనికి స్పందించారో తెలుస్తుంది. ఇంతవరకూ అందరూ చేస్తారు. కానీ 5,000 మందిలో 100 మంది ఒకదానికి, మరో 5,000 మందిలో 120 మంది రెండోదానికి స్పందించగానే రెండోదే గెలిచిందని ప్రకటించేస్తారు. గణాంక శాస్త్రం ప్రకారం ఈ స్థాయిలో, వందకు 95 పాళ్ల నమ్మకంతో అది నిజమైన తేడా అని చెప్పాలంటే, రెండింటి మధ్య అంతరం దాదాపు 30 ఉండాలి. 20 తేడా కేవలం కాకతాళీయం కావచ్చు. అటువంటప్పుడు ఇంకో విడత పంపి చూడడమో, తక్కువ ఖర్చయ్యేదాన్ని ఎంచుకోవడమో మంచిది. అంతేకాక, ఒకే విడతలో మడతనూ, శీర్షికనూ, తగ్గింపునూ మూడింటినీ మార్చేస్తే, వచ్చిన తేడా దేనివల్ల వచ్చిందో ఎవరూ చెప్పలేరు.

ప్రతి జాబితాలోనూ నేను నా చిరునామాను రెండు చోట్ల, పేరులో చిన్న తేడాతో చేర్చుకుంటాను. మెయిలర్ ఏ రోజు చేరిందో, మూలలు ఎలా ఉన్నాయో, మడత పగిలిందో లేదో దాన్ని చూస్తే తెలుస్తుంది. అది వచ్చిన రోజు బల్ల దగ్గర కూర్చుని చూడను. ఒక చేతిలో సంచీ, ఇంకో చేతిలో మిగతా ఉత్తరాలు పట్టుకుని, గుమ్మంలో నిలబడే, బొటనవేలితో ఆ గమ్ చుక్కను ఊడదీసి చూస్తాను. కిందటి విడతలో అది ఒక్క వేలికి ఊడిరాలేదు. ప్రెస్సుకు ఫోన్ చేసి, ఈసారి చుక్క పరిమాణం కాస్త తగ్గించమన్నాను.