మామ్మ బుగ్గమీది చుక్కలు

ఇందాక చిన్నాన్నగారు మళ్ళీ ఫోన్ చేశారు. ఆయన కొత్తింటి హాల్లో పెట్టుకోవడానికి మామ్మ పాత ఫోటోను నేను ఫోటోషాప్‌లో బాగుచేస్తున్నాను. "ఫోటో అయిందా? మొహం నున్నగా రావాలి. మచ్చలన్నీ తీసెయ్యి, కంప్యూటర్‌లో నిమిషం పనే కదా" అన్నారు. సరేనండీ అని పెట్టేశాను గానీ అప్పటినుంచి మనసు కుదురుగా లేదు.

నిమిషం పని కాదు. సాయంత్రం నుంచి మచ్చలు తీసే బ్రష్‌తోనే సరిపోయింది. అసలు ఫోటో చెడకుండా పైన ఖాళీ లేయర్, అంటే గాజుకాగితం లాంటి పొర, వేసుకుని స్పాట్ హీలింగ్ బ్రష్‌తో రుద్దితే చుక్క కదలలేదు. ఖాళీ లేయర్‌లో దానికి అరువు తెచ్చుకోవడానికి ఏమీ ఉండదు. పైన 'శాంపిల్ ఆల్ లేయర్స్' దగ్గర టిక్కు పెడితేనే కింది బొమ్మను చూస్తుంది. ఆ తర్వాత చుక్కలు పోయాయి గానీ, జుట్టు అంచుకు వచ్చేసరికి నుదుటి మీదికి నలుపు పాకింది. పక్కన ఏ రంగుంటే దాన్ని కలుపుకుని పూడ్చడం దాని గుణం. మామూలు హీలింగ్ బ్రష్ తీసుకుని, దానికి విడిగా 'కరెంట్ అండ్ బిలో' (ఈ పొరా, దాని కిందివీ చూడమని) పెట్టి, ఆల్ట్ నొక్కి మంచి చర్మం ఎక్కడుందో చూపించి, నుదుటివరకే లాసోతో (గీత గీసి కావలసిన చోటు ఎంచుకునే పనిముట్టు) చుట్టి లోపల రుద్దితే ఆ పాకుడు ఆగింది. మరీ అంచున క్లోన్ స్టాంపే దిక్కు. అది ఉన్నది ఉన్నట్టు తెచ్చి అతికిస్తుంది. 2002లో ఫోటోషాప్ 7తో హీలింగ్ బ్రష్ వచ్చేదాకా ఇలాంటి పనికి అందరూ ఎక్కువగా దాన్నే నమ్ముకున్నారు.

ఇదంతా ఎలాగో గడిచింది. చిక్కంతా బుగ్గ దగ్గర. అక్కడ రెండు రకాల చుక్కలున్నాయి. చెమ్మకు పట్టిన బూజు చుక్కలు కొన్ని, చిన్నప్పుడు అమ్మవారు పోసిన గుంటలు కొన్ని. బ్రష్‌కు రెండూ ఒకటే. చిన్నాన్నగారికీ ఒకటే, నా కోపం అదే! సొంత తల్లి మొహం ఆయనకు తెలియదా? పసుపు రాసుకున్న రోజు ఆ గుంటల్లో పసుపు ఇంకొంచెం చిక్కగా నిలిచేది. మామ్మ అంటే నాకు ముందు గుర్తొచ్చేది అదే. కొత్తింటి హాల్లో, వచ్చిన వాళ్ళందరి ముందూ, ఎవరో నున్నటి ముసలావిడను పెట్టుకుని ఆమే మా అమ్మ అంటారా?

ఆ కోపంలో ఫోటో నడుమన ఉన్న నీటి గీతను కూడా ముట్టుకోకూడదనుకున్నాను. 1986 ఆగస్టు వరద గీత అది. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన ఏడాది. మేమంతా ఏటిగట్టు మీద ఉన్నాం, ఈ ఫోటో లంకలో ఇంటి గోడకు ఉంది. అలాంటి గుర్తును ఎవరైనా చెరుపుతారా అనుకున్నాను.

కానీ ఇంటి గోడల మీది గీతను మామ్మే చెరిపింది. నీళ్ళు తీసిన తర్వాత ఇంట్లో మోకాలి లోతు ఒండ్రు. పొయ్యి వెలిగించడానికి చోటు లేదు, దూడకు గడ్డి లేదు, తాతయ్య గుమ్మంలో కూలబడిపోయారు. మామ్మ మాత్రం పారతో బురద లాగి పోసి, ఎక్కడ సంపాదించిందో ఇంత సున్నం తెచ్చి, గోడలకు తానే వేసేసింది. తర్వాత నష్టం రాసుకోవడానికి వచ్చినాయన "నీళ్ళు ఎంతవరకు వచ్చాయమ్మా, గీత కనబడదే" అన్నాడు. తాతయ్య తల పట్టుకున్నారు. మామ్మ చెయ్యి ఎత్తి "ఇదిగో, ఇంతవరకు" అని తన భుజం చూపించింది. "గోదారి వచ్చింది, పోయింది. దాని గుర్తు నా ఇంట్లో ఎందుకు?" అంది తర్వాత. ఆ గీత నాకు ముచ్చట గానీ ఆమెకు కాదు. కాబట్టి గీత తీసేస్తున్నాను. ఈ ఒక్క విషయంలో చిన్నాన్నగారి మాటే ఒప్పు.

బుగ్గ విషయంలో మాత్రం ఒప్పుకోను. రాజోలు అత్తయ్యను అడిగితే, "అమ్మ ఆ మచ్చలను ఎప్పుడైనా దాచుకుందా? అద్దంలో చూసుకుని బాధపడడం నేను చూడలేదు" అంది. బాగా పెద్దది చేసి చూస్తే తేడా తెలుస్తోంది. స్టూడియో దీపం ఎడమ నుంచి పడింది, గుంటలకు ఒక పక్క సన్నటి నీడ ఉంది. బూజుకు నీడ లేదు. నీడ లేనివాటినే ఒక్కొక్కటిగా తీస్తున్నాను. బ్రష్ చుక్క కంటే ఒక పిసరు పెద్దగా ఉంటే చాలు, అంతకు మించితే పక్క గుంటను కూడా తినేస్తోంది.

చీర బుటాల మీద గీత ఇంకా మిగిలింది, అది రేపు. పంపేముందు చిన్నాన్నగారికి ఫోన్ చేసి చెబుతాను. ఇలాగైతే వద్దంటే నేనే ఫ్రేము కట్టించుకుంటాను.